ఖాళీ అని నేను రాసిన నేల

నాకు ఇరవైమూడేళ్ళప్పుడు కళింగపట్నం పక్కన ఒక చిన్న ఊరి బడికి సోషలు మాస్టారుగా వేశారు. అరవైల చివరి రోజులవి. మాది నరసన్నపేట అవతల వరి పండించుకునే కుటుంబం. సముద్రం మా ఇంటికి ఒక పూట ప్రయాణంలో ఉన్నా దాన్ని చూడటానికని మా వాళ్ళెవరూ ఎప్పుడూ బయల్దేరింది లేదు. ఆర్డరు కాగితం చూపిస్తే మా నాన్న మొహం చిట్లించాడు.

"ఆ సేపల కంపులో ఎలగుంటావురా? బట్టలకి అదే వాసన అంటుకుంటాది. రేపు పిల్లనిచ్చేవోడు గుమ్మంలోంచే ఎనక్కి ఎల్లిపోతాడు."

నేనూ లోపల అదే అనుకున్నాను. ఈ సంగతి ముందే ఒప్పుకోకపోతే తర్వాత జరిగినదాన్ని చెప్పే హక్కు నాకు లేదు.

కళింగపట్నంలోనే గది అద్దెకి తీసుకున్నాను. ఒకప్పుడు అది ఓడలు ఆగిన రేవు. నేను వెళ్ళేనాటికి ఓడ అన్న మాట ముసలివాళ్ళ నోట్లోనే మిగిలింది. ఒడ్డున దీపస్తంభం, దాని వెనక కప్పులు ఊడిపోయిన గోదాములు, మనిషి చేతులు బారచాపినంత మందం గోడలు. ఆ గోడల బీటల్లో రావి మొక్కలు మొలిచి ఇటుకల్ని ఒక్కొక్కటే బయటికి తోసేస్తుండేవి. గోదాముల్లో మేకలు పడుకునేవి. వంశధార మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, నీళ్ళు రెండు రంగుల్లో ఉండేవి. ఒడ్డు పొడుగునా మొగలిపొదలు, వాటి వెనక జీడిచెట్లు. గాలి ఎప్పుడూ ఉండేది. అన్నం కంచంలో, సుద్దముక్కల డబ్బాలో, పుస్తకాల మధ్య ఎక్కడ చూసినా సన్నటి ఇసుక.

చేరిన ఏడాదే హెడ్మాస్టరు నన్ను పిలిచి ఒక పని అప్పగించాడు. కొన్ని నెలల్లో జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు ఒకాయన బడి చూడటానికి వస్తున్నాడు. ఆ వేళకి మన ప్రాంతం చరిత్ర, ప్రకృతి మీద ఒక వ్యాసం, దానికి తోడు పెద్ద పటం తయారుగా ఉండాలి.

"మీరు కుర్రాళ్ళు, చదువుకున్నవాళ్ళు. నలుగురూ మెచ్చుకునేలా ఉండాలి మాస్టారూ," అన్నాడు.

నాకు పట్టలేనంత ఉత్సాహం వచ్చింది. శాలిహుండం కొండెక్కి బౌద్ధుల ఇటుకలు కొలిచాను. ఊళ్ళోని దర్గాలో కూర్చుని అక్కడి పెద్దాయన చెప్పినవి రాసుకున్నాను. కానీ రేవు గురించి చెప్పేవాళ్ళు దొరకలేదు. మోతుబరుల ఇళ్ళకి వెళ్తే వాళ్ళ తాతల గొప్పలు చెప్పారు తప్ప ఓడకి సరుకు ఎలా ఎక్కేదో ఒక్కరికీ తెలియదు.

ఒక ఆదివారం పొద్దున్న నోట్‌బుక్కు పట్టుకుని, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మొగ వైపు నడుస్తున్నాను. మొగలిపొదలు దాటాక పెద్ద ఇసుక మెరక ఉంది. దాని నిండా నెత్తళ్ళనే సన్నచేపలు ఎండబోసి ఉన్నాయి, వెండిరేకులు పరిచినట్టు. నేను సముద్రం వైపు చూస్తూ వాటి మీదుగా నడిచేశాను.

"ఓ బాబూ! కల్లు కానరాలేదేటి? తినే తిండి మీద సెప్పులేసుకుని ఎల్తన్నావు!"

తిరిగి చూస్తే యాభై దాటిన మనిషి. నల్లగా, ఎత్తుగా, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తోంది. నేను తప్పైందన్నాను. రుమాలు ముక్కు మీంచి తీసేసి జేబులో పెట్టుకున్నాను. ఆమె అది చూసి నవ్వింది.

"కంపేటి? అలవాటైపోతాది. ఎవరి బాబువి? ఏటి రాత్తన్నావు పొస్తకంలో?"

రేవు గురించి అన్నాను.

"ఓడల రేవా? మా అయ్య ఓడకాడికి సరుకు పడవ తోసినోడే. మా ఆయనా తోసినాడు కొన్నాల్లు. ఓడలు రాడం మానేసినాక వలట్టినాడు. సముద్రంలోనే పోనాడు. కూకో, సెప్తాను. ముందు ఆ కాకుల్ని తోలు."

అలా మొదలైంది. ఆ తర్వాత దాదాపు ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరు వేసుకుని నిలబడేవనీ, బియ్యం, నువ్వులు, కరక్కాయలు బస్తాలకెత్తి పడవల్లో అక్కడిదాకా తీసుకెళ్ళేవారనీ ఆమె చెప్పింది. కెరటం లేచే క్షణంలో బస్తా అందించాలి, పడే క్షణంలో అందిస్తే చెయ్యి విరుగుతుంది. వాళ్ళ నాన్న ఎడమ మణికట్టు అలాగే విరిగిందట. ఏటి మొగ ఏ ఏడాది ఎటు జరిగిందో వేలితో ఇసుక మీద గీసి చూపించేది. చలికాలంలో ఒక పొద్దున్న బండిచక్రం జాడలాంటి గుర్తులు చూపించి, తాబేలు రాత్రి ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్ళిందని చెప్పింది. ఇసుక తవ్వబోతే నా చేతి మీద ఒక్కటేసింది.

"ఒగ్గీ! బాలింత మంచం కాడికి మగోడు ఎల్తాడేటి?"

నేను ఆమెని పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. రెండు మూడుసార్లు వాళ్ళ గుడిసెలో వంకాయ, ఎండు నెత్తళ్ళు వేసి వండిన కూరతో అన్నం తిన్నాను. అంత రుచైన కూర మా ఇంట్లో ఎప్పుడూ తినలేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అన్నిటికన్నా ఆమె ఎక్కువ చెప్పింది ఆ ఇసుక మెరక గురించే. ఒడ్డంతా ఇసుకే కదా, ఇక్కడే ఎందుకు ఎండబెడతారు అని అడిగాను ఒకసారి. ఆమె నాకేసి జాలిగా చూసింది.

"మొగ కాడ తడి అడుగునుంచి లాగుతాది. ఇటు పక్క జీడిసెట్ల నీడ పడతాది. ఇక్కడయితే కింద ఎచ్చన, పైన గాలి. ఒక్క పొద్దులో ఎండిపోతాది. మా అమ్మమ్మ కాడ్నించి ఆడోల్లం ఇక్కడే. మగోల్లకి సముద్రం, మాకిది."

ఇదంతా నా నోట్‌బుక్కులో ఉంది. ఉండేది.

వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు నా చేతికి ఇంకో భాష వచ్చింది. ప్రాచీన కాలమునుండి వినుతికెక్కిన ఈ రేవుపట్టణము అని మొదలుపెట్టాను. నౌకలు, నావికులు, వర్తక శ్రేష్ఠులు, బౌద్ధ భిక్షువులు అందరూ వచ్చారు. బస్తా అందిస్తూ మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషి రాలేదు. అతని కూతురు అసలే రాలేదు. ఈ విషయాలు ఎవరు చెప్పారు అని ఎవరైనా అడిగితే చేపలమ్మే ఆవిడ అని చెప్పాల్సివస్తుందని నాకు సిగ్గనిపించింది.

పటం మాత్రం నిజాయితీగానే వేశాను, మొదట. ఏరు, మొగ, దీపస్తంభం, గోదాములు, దర్గా, రోడ్డు. మొగలిపొదల అవతల మెరక మీద 'చేపలు ఎండబెట్టు స్థలము' అని రాశాను. హెడ్మాస్టరు కళ్ళజోడు పెట్టుకుని పటమంతా పరీక్షించి ఆ చోట వేలు ఆపాడు.

"ఇదేమిటండీ మాస్టారూ? ఆఫీసరుగారు మన చరిత్ర చూడ్డానికి వస్తున్నారా, చేపల వాసన చూడ్డానికా?"

నేను నవ్వాను. ఆయన మెప్పు కోసం నవ్వాను. గదికి వెళ్ళి రబ్బరుతో చెరిపేశాను. చెరిపాక అక్కడ పటం బోసిగా కనపడింది. అంత పెద్ద జాగాని ఏమీ రాయకుండా వదిలితే పని తెలియనివాడనుకుంటారని 'ఖాళీ ఇసుక నేల' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. అందులో నాకు ఏ తప్పూ కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే అక్షరాలు కుదురుగా వచ్చాయని సంతోషించాను.

ఆఫీసరు వచ్చాడు. పిల్లల పాటలు సగంలో ఆపించి పటం దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరు వేశారిది? బాగుంది. ఈ ఖాళీ నేల ఎక్కడినించి ఎక్కడిదాకా?"

"దీపస్తంభం దగ్గర్నించి మొగ దాకా సార్."

"ఎవరికైనా పట్టా ఉందా?"

"లేదు సార్."

అది అబద్ధం కాదు. పట్టా నిజంగా ఎవరికీ లేదు. ఆయన అడిగిన ప్రశ్నకి నేను సరైన జవాబే చెప్పాను. ఇన్నేళ్ళలో నేను చెప్పిన అబద్ధాలన్నీ కలిపినా ఆ నిజమంత హాని చేయలేదు. ఆయన నా భుజం తట్టి, వ్యాసం, పటం రెండూ చుట్టించి జీపులో వేసుకుని వెళ్ళిపోయాడు. హెడ్మాస్టరు ఆ సాయంత్రం నాకు పకోడీలు తెప్పించాడు.

మరుసటి ఏడాది వానలకి ముందు లారీలో సరుగుడు మొక్కలు దిగాయి. ముళ్ళతీగ చుట్టలు, కర్రగుంజలు దిగాయి. సముద్రపు ఇసుక ఎగిరి లోపలి పొలాల మీద పడకుండా ఒడ్డున తోట వేస్తున్నారని చెప్పుకున్నారు. మంచి పనే. పొలాలున్న రైతులు సంతోషించారు. మా నాన్న కూడా విని, "అదీ గవుర్మెంటంటే," అన్నాడు. ఎక్కడ వేస్తున్నారో నేను అడగలేదు. ఒడ్డు చాలా పొడుగుంది కదా అనుకున్నాను.

బడి జరుగుతుండగా చేపలవాళ్ళ పేట నుంచి ఒకావిడ పరుగున వచ్చి పెద్దమ్మ పిలుస్తోందని చెప్పింది. వెళ్ళేసరికి మెరక మీద ఆడవాళ్ళంతా గుంపుగా నిలబడి ఉన్నారు. సగం గుంజలు అప్పటికే పాతేశారు. ఎండబోసిన నెత్తళ్ళని కూలీలు పారలతో ఒక మూలకి ఎత్తి కుప్ప పోస్తున్నారు. తోట పని చూసే అధికారి ఒకాయన గొడుగు కింద నిలబడి కాగితం విప్పి చూపిస్తున్నాడు.

పెద్దమ్మ నన్ను చూడగానే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. "వొచ్చినావా బాబూ. ఈ బాబు కాగితం సూపిస్తన్నాడు. ఇది మాది కాదంట, ఎవరిదీ కాదంట. దాంట్లో ఏటి రాసున్నాదో నువ్వు సదివి సెప్పు. నువ్వు సెప్తే నమ్ముతాం."

కాగితం అందుకున్నాను. పలచటి కాగితం మీద నా పటాన్ని అచ్చు దించారు. నా ఏరు, నా దీపస్తంభం, నా అక్షరాల వంపులు కూడా. ఇంగ్లీషులో ఉందని చెబుదామా అని ఒక్క క్షణం అనుకున్నాను కూడా.

"ఖాళీ ఇసుక నేల అని ఉంది పెద్దమ్మా."

"ఎవుడ్రా రాసినోడు? కల్లు పోయినోడా?" అని వెనక నుంచి ఒకావిడ అరిచింది.

గొడుగు కింది అధికారి అప్పుడు నన్ను గుర్తుపట్టాడు. బడికి పెద్ద ఆఫీసరు వచ్చిన రోజున వెంట వచ్చిన మనిషే. "మీరు వేసిన పటమే కదండీ మాస్టారూ! మీరే చెప్పండి వీళ్ళకి," అన్నాడు, చనువుగా, నవ్వుతూ.

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసింది. నా మొహంలోకి చూసి, చాలా మామూలు గొంతుతో అడిగింది.

"మీ ఇంటికాడ కల్లం ఉన్నాదా బాబూ?"

"ఉంది."

"నూర్పులైపోయినాక అదీ కాళీగానే ఉంటాది. ఎవుడైనా వొచ్చి మొక్కలేసీసి కంచె కట్టేత్తే మీ అయ్య ఊరుకుంటాడేటి?"

రైతుబిడ్డని. కళ్ళం అంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అర్జీ రాస్తానని వాళ్ళందరి ముందూ మాటిచ్చాను. రాశాను కూడా. ఆ నేల వాళ్ళ అమ్మమ్మల కాలం నుంచి వాడుకలో ఉందనీ, పటంలో రాసింది నా తప్పనీ స్పష్టంగా రాశాను. ముప్పైమంది ఆడవాళ్ళ వేలిముద్రలు వేయించాను. ఒక్కొక్కరి బొటనవేలూ నేనే సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాను. ఆ వేళ్ళకి పొలుసులు అంటుకుని ఉన్నాయి. శ్రీకాకుళం వెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. ఆ రెండువారాలూ పెద్దమ్మ నాతో మళ్ళీ మాట్లాడింది.

అవి మామూలు రోజులు కావు. జిల్లాలో కొండల వైపు గొడవలు ముదిరిన కాలం. పేదవాళ్ళ తరఫున కాగితం పట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, అందులోనూ బడిపంతులైతే, పోలీసులు ఊరూ పేరూ రాసుకునేవారు. కొందరు మాస్టర్లు ఉద్యోగాలు వదిలి కొండల్లోకి వెళ్ళిపోయారని చెప్పుకునేవారు. ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు నన్ను తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"మీ గురించి అడుగుతున్నారండీ. ముప్పై వేలిముద్రలు ఎందుకు పోగుచేశారు, ఎక్కడెక్కడ తిరుగుతారు అని. మీ నాన్నగారు పెద్దమనిషి. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కలు రాసిచ్చేయండి. నా మాట వినండి."

నేను ఒక పూట ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించలేదు. అక్కడే, ఆయన బల్ల మీదే, ఆయన కలంతోనే రాసిచ్చాను. వివరాలు సరిగా విచారించకుండా అర్జీ పెట్టినందుకు చింతిస్తున్నానని రాశాను.

కంచె పూర్తయింది. ఆడవాళ్ళు చేపలు ఎండబెట్టడానికి జాగా వెతుక్కున్నారు. రోడ్డు మీద పోస్తే బళ్ళు తొక్కేవి. మొగ దగ్గర తడి ఇసుకలో పోస్తే ఒక్క పొద్దులో ఎండేవి మూడు రోజులు పట్టేవి, ఈలోగా పురుగు పట్టేది. ఆ చలికాలం అకాలవాన ఒకటి పడి వల నిండా వచ్చిన నెత్తళ్ళన్నీ కుళ్ళిపోయాయి. కుళ్ళిన చేపల్ని గోతిలో పూడుస్తుంటే నేను గదిలోంచి బయటికి రాలేదు. నరసన్నపేట సంతలో వర్తకులు ఈ ఊరి ఎండుచేప వద్దనడం మొదలుపెట్టారు. వేసవిలో సరుగుడు మొక్కలు మాడిపోతుంటే నీళ్ళు పోయడానికి కూలీలు కావలసివచ్చారు. కంచె లోపలికి కుండలు మోసుకెళ్ళి ఆ మొక్కలకి నీళ్ళు పోసింది ఆ ఆడవాళ్ళే. పెద్దమ్మ కూడా పోసింది. నేను బడికి వెళ్ళే దారిలో ఎదురైతే కుండతో పక్కకి తప్పుకుని, "ఎల్లండి బాబూ," అనేది. అప్పటిదాకా ఆమె నన్ను ఎప్పుడూ 'అండి' అనలేదు.

ఆ తర్వాత ఒకరోజు ఆమె గుడిసెకి తాళంకప్ప కనిపించింది. గరివిడిలో కూతురు దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. అల్లుడు అక్కడి ఫ్యాక్టరీ వైపు కూలిపని చేస్తాడట.

మరుసటి సంవత్సరం పరీక్షల డ్యూటీకి నన్ను ఆ వైపు వేశారు. మధ్యాహ్నం పేపరు అయిపోయాక ఆమె ఇల్లు వాకబు చేసుకుంటూ వెళ్ళాను. గరివిడి ఎండ వేరు. గాలి కదలదు, నేల నుంచి నల్లటి దుమ్ము లేస్తుంది. రాతిగుట్టల పక్కన ఆడవాళ్ళు కూర్చుని సుత్తులతో మాంగనీసు రాయి కొట్టి, మంచి ముక్కలు ఒక పక్కకి, చెత్త ఒక పక్కకి ఏరుతున్నారు. పెద్దమ్మని నేను మొదట పోల్చుకోలేదు. జుట్టంతా దుమ్ము. చుట్ట మాత్రం అలాగే ఉంది నోట్లో.

ఆమె నన్ను చూసి సుత్తి కింద పెట్టలేదు.

"బాగున్నావా పెద్దమ్మా?"

"కనిపిస్తన్నాను కదా."

నేల మీద కూర్చున్నాను. ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలు ఒక్కసారిగా చెప్పేశాను. ఆ పటంలో అలా రాసుండకూడదనీ, బుద్ధి తక్కువై రాశాననీ, క్షమించమనీ. చెప్తుండగా ఏడుపొచ్చింది. పక్కన ఆడవాళ్ళు పని ఆపి చూశారు.

ఆమె ఇంకో రాయి కొట్టి, ముక్క చూసి, ఎడమ పక్కకి విసిరింది. తర్వాత అంది:

"కాళీ అని రాసినావని కాదు బాబూ. తెలీక రాసినావనుకున్నాను. తెలీనోడికి తెలిసేలాగ సెప్పుకోవొచ్చు. మా అందరి ఏల్లూ నువ్వే పట్టుకుని సిరాలో ముంచినావు. మల్లీ నువ్వే ఎల్లి ఆ కాగితం ఎనక్కి తెచ్చేసుకున్నావు. మాకు ఒక్క ముక్క సెప్పలేదు. నెల్లాల్లు సూసినాము, కాగితానికి జవాబొస్తాదని. ఆకరికి ఆపీసుకెల్లి అడిగితే తెలిసింది. అదీ నాకు కడుపుమంట."

నేను ఏదో చెప్పబోయాను. పోలీసులనో, ఉద్యోగమనో. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ బయం నీకుంటాది. నాను కాదనను. ఇంక ఎల్లు. ఇలగొచ్చి ఏడిస్తే మేస్త్రీ నన్ను కసురుతాడు. మల్లీ రాకు బాబూ."

లేచి వచ్చేశాను. ఆమె రావద్దంది కాబట్టి వెళ్ళలేదని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆమె అలా అన్నందుకు నాకు లోపల ఎక్కడో తేలికగా ఉండింది. రెండేళ్ళ తర్వాత, దగ్గుతో తీసుకుని తీసుకుని పోయిందని పేటవాళ్ళెవరో బస్సులో చెప్పారు. శవాన్ని గరివిడిలోనే పూడ్చారట.

సరుగుడు తోట ఎదిగింది. చూడటానికి బాగుంటుంది. సెలవురోజుల్లో టౌను నుంచి కుటుంబాలు వచ్చి ఆ నీడలో భోజనాలు చేసి, సముద్రపు గాలి ఎంత హాయిగా ఉందో అనుకుని వెళ్తారు. నా ఉద్యోగం పర్మినెంటయింది, ప్రమోషన్లు వచ్చాయి. నేను రాసిన ఆ వ్యాసాన్ని ఎన్నో బడుల సంచికల్లో మళ్ళీ మళ్ళీ వేశారు, పిల్లలు దాన్ని చూసి ఎక్కాలు వల్లించినట్టు వల్లించారు. నేను రిటైరయిన రోజున సభ పెట్టి సన్మానపత్రం చదివారు. కళింగసీమ చరిత్రను వెలికితీసిన సత్యాన్వేషి అని అందులో రాశారు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి, శాలువా సర్దుకుని, దండం పెట్టాను.